స్టీలు కాలమ్ అతుకులో సందు కనిపిస్తే: ఎలా కొలవాలి, ఎంత వదిలేయొచ్చు, ఎలా సరిచేయాలి

"సార్, పై కాలమ్ కూర్చోబెట్టాం. ఒక మూల టార్చి వేస్తే అవతలికి వెలుతురు కనిపిస్తోంది. వదిలేయొచ్చా, దించేయాలా?"

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నాలుగైదు అంతస్తుల స్టీలు బిల్డింగులు లేస్తున్న చోట్ల నుంచి కుర్ర ఇంజనీర్లు ఎక్కువగా అడిగేది ఇదే. మొన్న ఒకాయన సందులో ఏటీఎం కార్డు దూర్చి ఫొటో పంపాడు. మంచిదే, కార్డు మందం 0.76 మి.మీ. కాబట్టి సందు అంతకంటే ఎక్కువే ఉందని ఇద్దరికీ తెలిసింది. కానీ ఆ ఫొటో చూసి నేను జవాబు చెప్పలేను. ఆ అతుకును ఏ లెక్కన డిజైన్ చేశారో, సందు ఫ్లాంజ్ (ఐ ఆకారంలో రెండు చివరల అడ్డ పలక) కింద ఉందో వెబ్ (వాటిని కలిపే మధ్య పలక) కింద ఉందో, కొలిచేటప్పటికి కాలమ్ తూకంలో, అంటే నిటారుగా, ఉందో లేదో తెలియాలి. వెలుతురు కనిపించినంత మాత్రాన అతుకు చెడిపోయినట్టు కాదు. కనిపించకపోతే బాగున్నట్టూ కాదు, లోపల పెయింటు పెచ్చు అడ్డం ఉండి ఉండవచ్చు.

మన వైపు ఫ్యాబ్రికేటర్లలో చాలామందికి చెయ్యి తిరిగింది గోడౌన్లు, రైస్ మిల్లులు, రొయ్యల ప్లాంట్ల షెడ్ల మీద. అక్కడ రెండు ఎండ్ ప్లేట్లు ఎదురెదురుగా పెట్టి బోల్టు బిగిస్తే, బోల్టే ఆ రెండింటినీ దగ్గరికి లాగుతుంది. అంతస్తుల బిల్డింగు కాలమ్‌కి సాధారణంగా ఫ్లాంజ్‌లకీ వెబ్‌కీ పక్కల నుంచి కవర్ ప్లేట్లు వేస్తారు. ఆ బోల్టులు అడ్డంగా నొక్కుతాయే గానీ పై కాలమ్‌ని కిందికి లాగవు. "బిగిస్తే అదే కూర్చుంటాది సార్" అని ఫిట్టర్ అన్నాడంటే షెడ్డు అలవాటుతో అంటున్నాడు. ఎంత టార్క్ పెట్టినా ఆ సందు మూసుకోదు.

కావలసినవి

అప్రూవ్ అయిన డ్రాయింగు, దాని జనరల్ నోట్స్‌తో సహా. ఫీలర్ గేజ్ సెట్టు, 0.05 నుంచి 1 మి.మీ. వరకు ఆకులు ఉన్నది. అంతకంటే పెద్ద సందులకు టేపర్ గేజ్, లేదంటే 1, 2, 3 మి.మీ. రేకు ముక్కలు మీరే కత్తిరించి కొలిచి పెట్టుకోండి. పెద్ద మూలమట్టం, స్టీలు స్కేలు, వైర్ బ్రష్, టార్చి. తూకం చూడటానికి టోటల్ స్టేషన్ లేదా థియోడొలైట్. అది లేకపోతే బరువైన గుండు, సన్నటి తీగ, గుండు ఊగకుండా ముంచడానికి నూనె బకెట్టు. మైల్డ్ స్టీలు షిమ్ములు (సందులో దూర్చే పల్చటి ముక్కలు) రకరకాల మందాల్లో ముందే కోయించి ఉంచండి. క్రేన్ గంటల లెక్కన నడుస్తుంటే షిమ్ము కోసం ఆటోనగర్‌కి బండేసుకుని పోవడం ఖరీదైన పని.

ఫీలర్ గేజ్ సైట్లో ఉండదని నాకు తెలుసు. అది వచ్చేదాకా ఒక ఆధారం: 80 జీఎస్ఎం జెరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. రెండు కాగితాలు కలిపి పెడితే 0.2. మొదటి చూపుకి సరిపోతుంది, రికార్డుకి పనికిరాదు.

1. ముందు డ్రాయింగు చదవండి

అతుకులు రెండు రకాలు. ఒకటి, పై కాలమ్ బరువు నేరుగా కింది కాలమ్ మీద ఆనే రకం. డ్రాయింగులో "ఫుల్ కాంటాక్ట్", "మిల్ల్‌డ్", "మెషిన్డ్ ఎండ్స్" లాంటి మాట ఉంటుంది. ఇక్కడ కవర్ ప్లేట్ల పని కాలమ్‌ని కదలకుండా పట్టుకోవడం, వంపునీ లాగుడునీ తట్టుకోవడం. రెండో రకంలో మొత్తం బరువు కవర్ ప్లేట్లు, బోల్టుల ద్వారానో, వెల్డు ద్వారానో దిగుతుంది. అందులో కొనల మధ్య సందు కావాలనే వదిలి ఉండవచ్చు. అలాంటి సందులో షిమ్ము దూర్చడానికి తంటాలు పడిన సైట్లు చూశాను. డ్రాయింగులో ఏదీ రాసి లేకపోతే డిజైనర్‌ని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పిన మాట బిల్లు దగ్గర నిలవదు.

ఇక అంకెలు. ఆనే రకానికి మన దేశపు స్టీలు నిర్మాణ కోడ్ ఐ.ఎస్. 800 కట్టుదిట్టంగా ఉంటుంది: కొనలు మెషినింగ్ చేసి, అడ్డుకోత మొత్తం దగ్గరగా ఆనించాలి, ఎక్కడైనా ఒక చోట సందు 0.2 మి.మీ. దాటకూడదు. అమెరికా స్టీలు నిర్మాణ కోడ్ ఏఐఎస్‌సీ 360 దీన్ని వేరే తీరులో చూస్తుంది. 2 మి.మీ. వరకు సందును అలాగే వదిలేయవచ్చు. 2 దాటి 6 మి.మీ. లోపు ఉంటే ఇంజనీరు పరిశీలించాలి, ఆనే వైశాల్యం చాలదని తేలితే వాలు లేని చదును షిమ్ములతో నింపాలి. 6 దాటితే ఆ కోడ్ ఇచ్చిన వెసులుబాటు అక్కడితో అయిపోయింది. పాత ఫిట్టర్ల భాషలో (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) చెప్పాలంటే 2 మి.మీ. అంటే అర నూలు కంటే కాస్త ఎక్కువ, 6 అంటే రెండు నూళ్ళకు కాస్త తక్కువ.

ఈ 2, 6 అంకెలు గాల్లోంచి రాలేదు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎగోర్ పోపోవ్, స్టీఫెన్ అనే ఇద్దరు కావాలనే సందు పెట్టిన అతుకు కాలమ్‌లను నొక్కి చూశారు. ఆ ఫలితాలు 1977లో వచ్చాయి. చిన్న సందులను అలాగే వదిలి, పెద్దవాటిని మైల్డ్ స్టీలు షిమ్ములతో నింపి పరీక్షిస్తే, అతుకు లేని కాలమ్‌తో దాదాపు సమానంగా బరువు మోశాయి. ఆనిన చోట స్టీలు కొంచెం నలిగి, మిగతా భాగాన్ని కూడా పనిలోకి తెస్తుంది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మీ కాంట్రాక్టు ఐ.ఎస్. 800 ప్రకారం ఉంటే, 1.2 మి.మీ. సందు చూసి "అమెరికాలో 2 దాకా ఒప్పుకుంటారు" అని మీరే పాస్ చేయకూడదు. ఆ కోడ్ మాట డిజైనర్‌కి గుర్తు చేయండి, కొలతలు పంపండి, నిర్ణయం ఆయనకు వదలండి. లెక్క చూసుకుని ఆయన ఒప్పుకోవచ్చు. షిమ్ము వేయమనవచ్చు. మొత్తం బరువు బోల్టులే మోసేలా కవర్ ప్లేటు పెంచవచ్చు. కాలమ్ దించి కొన మళ్ళీ మెషినింగ్ చేయమనవచ్చు.

2. లారీ ఎక్కకముందే కొన చూడండి

సందుల్లో ఎక్కువ భాగం షాపులోనే పుడతాయి. 300 మి.మీ. లోతు కాలమ్ కొన ఒక వైపు 0.6 మి.మీ. తక్కువ కోశారనుకోండి. కంటికి ఆనదు. కానీ అది 500కి 1 వాలు. ఆ కొన మీద 9 మీటర్ల కాలమ్ చక్కగా ఆని కూర్చుంటే పైన 18 మి.మీ. పక్కకు పోతుంది. కాలమ్ తూకానికి అమెరికా పద్ధతిలో ఇచ్చే హద్దు కూడా 500కి 1. అంటే ఒక్క కోతలోనే మీ వాటా మొత్తం అయిపోయింది. అదే తేడా 3 మి.మీ. అయితే పైన 90 మి.మీ. అలాంటి కాలమ్‌ని నిలువుగా పెడితే సందు వస్తుంది, సందు మూస్తే కాలమ్ వాలుతుంది. రెండూ ఒకేసారి కుదరవు.

మూలమట్టం ఒక ఫ్లాంజ్‌కి పెట్టి చూసి ఊరుకోకండి. రెండు దిక్కుల్లోనూ చూడండి. మట్టానికీ కొనకీ మధ్య ఫీలర్ ఆకు దూర్చి అంకె రాసుకోండి. చేత్తో గ్యాస్ కటింగ్ చేసిన కొనను ఆనే అతుకుకి ఒప్పుకోవద్దు. మంచి బ్యాండ్ సా కోత చాలాసార్లు సరిపోతుంది, 0.2 కావాలంటే మాత్రం మిల్లింగ్ తప్పదు. స్టిఫెనర్లు, క్లీట్లు లాంటి చిన్న ప్లేట్లన్నీ వెల్డు చేశాకే కొన మెషినింగ్ చేయాలి. ముందు చేసి తర్వాత వెల్డు చేస్తే, వెల్డు లాగుడుకి చదును పోతుంది.

వీలైతే పై ముక్కనీ కింది ముక్కనీ షాపులోనే నేల మీద పడుకోబెట్టి జోడించి చూడండి. రెండింటికీ ఒకే గుర్తు, ఏ ముఖం ఉత్తరమో కూడా పంచ్‌తో కొట్టించండి. కాలమ్‌ని 180 డిగ్రీలు తిప్పి కూర్చోబెట్టినందుకు వచ్చిన సందులు కూడా ఉన్నాయి. ఆనే ముఖానికి మందంగా రెడ్ ఆక్సైడ్ పూయనివ్వద్దు. లారీలో గొలుసు తగిలి కొన నొక్కుకుపోకుండా చెక్క కట్టించండి.

3. కింది కాలమ్ తల శుభ్రం చేయండి

వైర్ బ్రష్, గుడ్డ. వెల్డు చిందులు, కోత అంచున లేచిన ముళ్ళు, ఎండిన సిమెంటు పాలు అన్నీ పోవాలి. స్లాబు పోసిన మర్నాడు కాలమ్ తల మీద కాంక్రీటు ముద్దలు లేని సైటు నేనింతవరకూ చూడలేదు. ఒకే అంతస్తులోని కాలమ్ తలల లెవెల్ కూడా అప్పుడే తీసి రాసుకోండి.

గ్రైండర్ పట్టుకుని ముఖాన్ని "చదును" చేయకండి. చేతి గ్రైండర్‌తో చేస్తే అంచులు అరిగి మధ్యలో పొట్ట వస్తుంది. ముల్లు తీయడం వరకే దాని పని.

4. పై కాలమ్ దించి, బోల్టులు వదులుగా పట్టించండి

డ్రిఫ్ట్ పిన్‌లతో (రంధ్రాల్లో దూర్చే సన్నమొన కడ్డీలు) రంధ్రాలు కలపండి. ఐ.ఎస్. 800 ప్రకారం మామూలు రంధ్రం ఎం20 బోల్టుకి 22 మి.మీ., ఎం24కి 26 మి.మీ. ఆ 2 మి.మీ. వెసులుబాటు కాలమ్‌ని సర్దడానికే ఉంది. రంధ్రం కలవలేదని గ్యాస్‌తో పెద్దది చేస్తే ఆ అతుకు మీద ఇక నమ్మకం పెట్టుకోలేం. ఎరెక్షన్ స్కీములో చెప్పినన్ని బోల్టులు పట్టి, వైర్ రోపులు కట్టాకే క్రేన్ హుక్ విప్పించండి. హైడ్రా క్రేన్ వాడికి తొందర ఎక్కువ. మీరు తొందరపడకండి.

5. తూకం ముందు, సందు తర్వాత

వరుస మార్చకండి. కాలమ్ వాలి ఉండగా కొలిచిన సందుకి అర్థం లేదు, నిలువు చేయగానే అంకెలన్నీ మారిపోతాయి.

తూకం తెల్లవారుజామున చూడండి, ఎండ ఎక్కకముందు. మన నెల్లూరు ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది గానీ, కాలమ్‌కి అది ఏం చేస్తుందో లెక్క వేసి చూడండి. 300 మి.మీ. లోతు, 9 మీటర్ల ఒంటరి కాలమ్. ఎండ పడే ముఖానికీ నీడ ముఖానికీ 10 డిగ్రీల తేడా ఉంటే, పై కొన సుమారు 16 మి.మీ. నీడ వైపు వంగుతుంది. ఒకసారి రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి వైర్ రోపులు బిగించి, తూకం బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున్నే చూస్తే కాలమ్‌లన్నీ ఒకే వైపు మొగ్గాయి, అతుకుల్లో తూర్పు ఫ్లాంజ్‌ల కింద ఫీలర్ దూరుతోంది. తప్పు ఫిట్టర్లది కాదు, నాది. రోపులన్నీ వదిలి మళ్ళీ కట్టాం.

6. సందు కొలవండి

కవర్ ప్లేట్లు పూర్తిగా పడితే ఫ్లాంజ్ ముఖం కనిపించదు. కాబట్టి ఫ్లాంజ్ చివరల నుంచి, లోపలి వైపు నుంచి కొలవాలి. డిజైన్ ఒప్పుకుంటే ఒక వైపు ప్లేటు ఆపి కొలిచి, తర్వాత వేయండి. ఒక్కో ఫ్లాంజ్‌కి రెండు చివరలు, మధ్య, అలాగే వెబ్‌కి మూడు చోట్లు. మొత్తం 9 చోట్ల అంకెలు రావాలి.

ఫీలర్ ఆకు బలవంతంగా తొయ్యకండి. కాస్త ఒరుసుకుంటూ వెళ్ళాలి. ఎంత మందం ఆకు వెళ్ళిందన్నదే కాదు, ఎంత లోపలికి వెళ్ళిందో కూడా రాయండి. 16 మి.మీ. ఫ్లాంజ్‌లో ఆకు 3 మి.మీ. వెళ్ళి ఆగిందంటే అంచు అరిగింది అంతే. అవతలికి వచ్చేసిందంటే అక్కడ ఆనడం లేదు. కాగితం మీద ఐ ఆకారం గీసి, అంకెలు అక్కడే వేసి, కాలమ్ నంబరు, తేదీ, టైము రాసి ఫొటో తీయండి.

అంకెల తీరు చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

చుట్టూ ఒకేలా సందు ఉంటే కాలమ్ కూర్చోలేదు, బోల్టుల మీద వేలాడుతోంది. బోల్టులు వదులు చేసి దించండి. లేదా మధ్యలో ఏదో ముక్క ఇరుక్కుంది.

ఒక ఫ్లాంజ్ దగ్గర సున్నా, ఎదుటి ఫ్లాంజ్ దగ్గర ఎక్కువ ఉంటే కొన వాలుగా కోశారు. తూకం సరిగ్గా ఉందని ఇంకోసారి చూసుకున్నాకే ఈ మాట అనండి.

ఫ్లాంజ్‌లు ఆని, వెబ్ కింద మాత్రమే సందు ఉంటే కోత మధ్యలో లోతుకి పోయింది. వైశాల్యంలో ఎక్కువ భాగం ఫ్లాంజ్‌లదే కాబట్టి నేనైతే దీనికి పెద్దగా బెదరను. తిరగబడి, వెబ్ ఆని ఫ్లాంజ్‌లు లేచి ఉంటే మాత్రం ఆ రోజు పని ఆపుతాను.

7. షిమ్ము వేయమని డిజైనర్ చెబితే

చదును షిమ్ములే. కాలమ్ ఎక్కువ బలమున్న ఈ350 స్టీలైనా షిమ్ము మామూలు మైల్డ్ స్టీలైతే చాలు. పైనా కిందా అదుముకుని ఉండే పల్చటి ముక్క నలగడానికి చోటుండదు.

"సందు వాలుగా ఉంటే చదును షిమ్ము ఎలా సరిపోతుంది?" అని అడుగుతారు. ఒక ఫ్లాంజ్ దగ్గర 3 మి.మీ., 300 దూరంలోని ఎదుటి ఫ్లాంజ్ దగ్గర సున్నా అనుకుందాం. 16 మి.మీ. ఫ్లాంజ్ మందంలో ఆ వాలు 0.2 మి.మీ. కంటే తక్కువే. కాబట్టి ఫ్లాంజ్ కింద ఒకే మందం పట్టీ చాలు, 2.8 దగ్గర మందం దొరికితే ఇంకా మంచిది. వెబ్ కింద మెట్లు మెట్లుగా పోవాలి: ఫ్లాంజ్ పక్కన 2 మి.మీ. పట్టీ, తర్వాత 1.5, ఆ తర్వాత 1. పట్టీ వెడల్పు 50, 60 మి.మీ. ఉంటే దూర్చడం సులువు. షిమ్ము ఫ్లాంజ్ మందం మొత్తం కింద ఉండాలి, అంచున కొరికినట్టు కాదు. ఒకే మందం దొరకనప్పుడు రెండు పొరలు సరే. నాలుగైదు పల్చటి రేకులు పేర్చడం వద్దు.

చిన్న సుత్తితో తట్టితే బిగువుగా వెళ్ళాలి. పెద్ద సుత్తి కావాల్సి వస్తే మందం ఎక్కువైంది, అది కాలమ్‌ని లేపేస్తుంది. జారిపోకుండా టాక్ వెల్డు వేయాలంటే డిజైనర్ ఒప్పుకోవాలి.

వద్దనేవి: యాంగిల్ ముక్క కోసి చేసిన చీలలు, వాషర్లు, జీఐ రేకు మడతలు, వెల్డింగ్ రాడ్డు ముక్కలు పేర్చి పైన వెల్డు పూత పూయడం. చివరిది అన్నిటికంటే ప్రమాదం. బయటికి నున్నగా కనిపిస్తుంది, లోపల డొల్ల. ఒక సైట్లో పెయింటు కూడా అయ్యాక దాన్ని గ్రైండర్‌తో తెరిపించాం. లోపల ఆరు రాడ్డు ముక్కలు, కాస్త బూడిద.

8. కవర్ ప్లేటు కింది ప్యాకింగ్ వేరే సంగతి

పై కాలమ్ సైజు తగ్గినప్పుడు ఫ్లాంజ్‌కీ కవర్ ప్లేటుకీ మధ్య ప్యాకింగ్ ప్లేటు వస్తుంది. ఇది బరువు ఆనే షిమ్ము కాదు, బోల్టు దాన్ని దాటి వెళ్ళాలి. ఐ.ఎస్. 800 ప్రకారం ప్యాకింగ్ 6 మి.మీ. దాటితే, మామూలు బేరింగ్ రకం బోల్టు షియర్ (అడ్డంగా తెగకుండా తట్టుకునే) బలాన్ని 1లోంచి మందానికి 0.0125 రెట్లు తీసేసి లెక్కించాలి. 10 మి.మీ. ప్యాకింగ్ అంటే ఎనిమిదో వంతు బలం పోయినట్టు. డ్రాయింగులో 5 ఉన్న చోట సైట్లో 10 వేసి "సర్దేశాం" అంటే కుదరదు.

9. బిగించి, మళ్ళీ చూడండి

అతుకు మధ్యలోని బోల్టుల నుంచి చివరలకు పోతూ రెండు విడతల్లో బిగించండి. తర్వాత తూకం, 9 అంకెలు మళ్ళీ తీయండి. బిగించాక సందు పెరిగిందంటే కవర్ ప్లేటు వంకరగా ఉండి కాలమ్‌ని లాగుతోంది. వెల్డు అతుకైతే రెండు ఎదురెదురు ఫ్లాంజ్‌లకు ఇద్దరు వెల్డర్లతో ఒకేసారి చేయించండి. ఒక వైపు ముగించి రెండో వైపుకి వస్తే కాలమ్ మొదటి వైపుకి వంగుతుంది.

మన కోస్తాకి ఒక మాట. గాలి లెక్కల కోడ్ ఐ.ఎస్. 875 మూడో భాగం నెల్లూరుకి ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. తుపాను గాలికి ఎత్తైన సన్నటి బిల్డింగులో గాలి కొట్టే వైపు కాలమ్‌లకు పైకి లేచే లాగుడు రావచ్చు. లాగుడు దగ్గర కొనలు ఆనడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, అదంతా కవర్ ప్లేట్లు, బోల్టులు, వెల్డే మోయాలి. అందుకని "సందు సున్నా వచ్చింది, రెండు బోల్టులు తగ్గిద్దాం" అనే బేరం పెట్టకండి.

సందు 0.2 లోపే ఉన్నా అందులోకి ఉప్పుగాలి తేమ పోతుంది. తనిఖీ అయ్యి, సంతకాలు పడ్డాక అతుకు చుట్టూ సీలెంటు పట్టించి పెయింటు వేయించండి. సంతకాలకు ముందే సీలెంటు పూసి ఉంటే గీకించి కొలవండి, మొహమాటపడకండి. 9 అంకెల కాగితం ఒక కాపీ ఫైల్లో, ఒకటి మీ దగ్గర. పై అంతస్తులో తూకం కుదరక తల పట్టుకున్న రోజు మొదట తెరవాల్సింది ఆ కాగితాన్నే.